బాబాయ్ భుజం, గోదారి వాలుగ, మూడు రాడ్లు

రాజమండ్రిలో నాది మోటార్ వైండింగ్ షాపు. రోజంతా రాగి తీగ చుట్టడం, వార్నిష్ పోయడం, అదే పని. చేపల పిచ్చి ఉంది కాబట్టి అదే బల్ల మీద ఫిషింగ్ రాడ్ల రిపేర్లు కూడా చేస్తాను, గేలం దారం పోయే రింగులు ఊడితే మళ్లీ దారంతో కట్టి ఎపాక్సీ పూయడం, విరిగిన చివరలు కోసి కొత్త రింగు ఎక్కించడం లాంటివి. ఇన్నేళ్లలో నా దగ్గరికి వచ్చిన విరిగిన రాడ్లలో సగానికి పైగా చేప విరగ్గొట్టినవి కావు, ఆటో సీట్లు, తలుపు సందులు, పిల్లలు విరగ్గొట్టినవి. నిజంగా చేప విరగ్గొట్టిన రాడ్ వస్తే మాత్రం టీ చెప్పి కూర్చుని చూస్తాను. కొన్నవాడి తప్పో, అమ్మినవాడి తప్పో, పట్టుకున్నవాడి తప్పో ఏదో ఒకటి దాని మీద రాసి ఉంటుంది. ఈ కేసులో మూడూ ఉన్నాయి. అందులో అమ్మినవాడి తప్పు నాదే.

మనిషి మా పేటలో ఉండే రిటైర్డ్ రైల్వే గార్డు. వయసు 63, బరువు 60 కిలోల లోపు, కుడి భుజం పట్టేసి చాలాకాలం ఫిజియోథెరపీ చేయించుకున్నారు, ఇప్పటికీ చెయ్యి చెవి దాటి పైకి లేవదు. నేను బాబాయ్ గారూ అంటాను, ఆయన ఒరేయ్ అబ్బాయ్ అంటారు. చిన్నప్పటి నుంచి వెదురు గడ, బెండు, వానపాములతో పక్కెలూ పరిగెలూ పట్టిన చెయ్యి. రిటైర్ అయ్యాక పెద్ద చేప మీదికి మనసు పోయింది, అంటే వాలుగ. ఆయన కూర్చునే చోటు పాత హావెలాక్ వంతెన ఎగువన ఒడ్డు. కింద ధవళేశ్వరం బ్యారేజీ ఉండటంతో ఎండాకాలంలో కూడా అక్కడ నీళ్లు నిలబడతాయి, స్తంభాల చుట్టూ లోతు, అడుగున రాళ్లు. దానికి తోడు 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటిన వరదకి ఎక్కడెక్కడి మానులో కొట్టుకొచ్చి ఆ రాళ్లలో ఇరుక్కున్నాయి. వాలుగకి అంతకన్నా మంచి ఇల్లు ఉండదు, తంగూసుకి, అంటే గేలం నైలాన్ దారానికి, అంతకన్నా చెడ్డ చోటు ఉండదు.

ఒక మాట ముందే చెప్పాలి. మన దగ్గర క్యాట్‌ఫిష్ అనగానే జనం ముక్కు మూసుకుంటారు, చెరువుల్లో కోళ్ల వ్యర్థాలు వేసి దొంగచాటుగా పెంచే ఆఫ్రికన్ రకం గుర్తొస్తుంది, దాని పెంపకం మన దేశంలో నిషేధం. నేను చెప్పేది దాని గురించి కాదు. వాలుగ, జెల్ల కూడా క్యాట్‌ఫిష్‌లే గానీ మన నదుల్లో పుట్టి పెరిగిన చేపలు. వాలుగకి పొలుసు ఉండదు, నోరు కంటి వెనక దాకా చీలి ఉంటుంది, దవడల నిండా గరుకు కాగితంలా సన్నని పళ్లు. రాత్రిపూట తిరుగుతుంది, బతికున్న చిన్న చేపని మింగుతుంది. జెల్లకి మీసాలు ఎక్కువ, వీపు మీదా రెక్కల్లోనూ ముల్లు ఉంటుంది, గుచ్చుకుంటే ఆ రాత్రి నిద్ర ఉండదు. రెండింటినీ ఒకే రాడ్‌తో పట్టొచ్చు కానీ రాడ్ ఎంచుకోవాల్సింది వాలుగ కోసమే.

మొదటి రాడ్ 2022 నవంబర్‌లో నా బల్ల మీదికి వచ్చింది. 12 అడుగుల టెలిస్కోపిక్, అంటే ఒకదాంట్లోంచి ఒకటి లాగే రకం, బజార్లో రూ.1,200కి కొన్నారు. చేత్తో ఊపి చూస్తే గట్టిగా ఉంటుంది, లావుగా ఉంటుంది, మూసేస్తే సంచిలో పడుతుంది, అందుకే అందరూ అదే కొంటారు. మూడో అతుకు దగ్గర చీలిపోయి ఉంది. భూతద్దం పెట్టి చూశాను. విరిగిన అంచులో చాలా భాగం తెల్లగా, తాజాగా ఉంది కానీ ఒక పక్కన రెండంగుళాల పొడవున చీలిక లోపల మట్టి రంగు పట్టి ఉంది. అంటే ఆ చీలిక ఆ రాత్రి వచ్చింది కాదు, ఎప్పటినుంచో ఉంది. రాడ్ మూసి తెరిచేటప్పుడు అతుకులో ఇసుక పడింది, ఇసుకతో అతుకు పూర్తిగా కూర్చోలేదు, కూర్చోని అతుకులో బరువంతా అంచు మీదే పడింది. చేప ఆఖరి తోపు తోసిందంతే.

ఆ సంగతి ఆయనకి చెబితే ఒప్పుకోలేదు. "ఒరేయ్, పది కిలోల చేప రా అది, దానికి తగ్గ రాడ్ కావాలి గానీ ఇసుక గిసుక అంటావేంటి?"

రీల్ చూపించమన్నాను. డ్రాగ్ మర, అంటే చేప గట్టిగా లాగినప్పుడు దారం జారనిచ్చేది, బిగించేసి ఉంది, చేత్తో దారం లాగితే ఒక్క అంగుళం రావడం లేదు. ఎందుకు బిగించారంటే, వదిలితే చేప రాళ్లలోకి పోతుందని. అది నిజమే కూడా. అందుకే ఈ కేసు అంత తేలిగ్గా తేలలేదు.

ఇక్కడ నా తప్పు మొదలవుతుంది. ఆయన బలమైన రాడ్ అడిగారు, నేను బలమైన రాడ్ ఇచ్చేశాను. 10 అడుగుల కార్బన్ రాడ్, రెండు ముక్కలది, హెవీ పవర్, ఫాస్ట్ యాక్షన్, తెప్పించినందుకు రూ.4,600 అయింది. ఈ పవర్, యాక్షన్ అనే మాటలు షాపుల్లో కలిపేసి చెబుతుంటారు కానీ రెండూ వేరు. రాడ్‌ని వంచడానికి ఎంత బలం కావాలో అది పవర్. వంగేటప్పుడు ఎక్కడి నుంచి వంగుతుందో అది యాక్షన్. ఫాస్ట్ అంటే చివరి మూడో వంతే వంగుతుంది, మిగతాది కర్రలా నిలబడుతుంది. కృత్రిమ ఎర వేసి కొర్రమీనుని ఒక్క కుదుపుతో పట్టడానికి అది బ్రహ్మాండం. అదే రాడ్‌ని స్టాండ్‌లో పెట్టి గంట కట్టి, ఒడ్డున కూర్చుని వాలుగ కోసం ఎదురుచూసే 63 ఏళ్ల మనిషికి ఇవ్వడం తెలివితక్కువతనం. అప్పుడు నాకు తట్టలేదు. ఖరీదైనది ఇచ్చాను కదా, విరగదు అనుకున్నాను.

2023 జనవరిలో నాలుగు రాత్రులు వెళ్లారు. మూడు సార్లు గంట మోగింది, మూడు సార్లూ ఖాళీ. ఎరగా వేసిన పక్కె ఒంటి మీద గీతలు పడి తిరిగొచ్చింది. అంటే చేప నోట్లో పెట్టుకుంది, లాగితే ఎదురు గట్టిగా తగిలింది, వదిలేసింది. నాలుగో రాత్రి నేనూ వెళ్లాను. పదిన్నర ప్రాంతంలో గంట మోగలేదు, రాడ్ స్టాండే కదిలింది. బాబాయ్ రాడ్ అందుకుని వెనక్కి ఒక్క గుంజు గుంజారు, చేప తగిలింది, ఐదారు నిమిషాలు పోరాడి ఒడ్డు దగ్గరికి తెచ్చారు కూడా. టార్చి వెలుగులో తెల్లటి పొట్ట కనపడింది. ఆ కంగారులో రాడ్‌ని నిలువుగా ఎత్తి, భుజం నొప్పికి ఓర్చుకోలేక ఇంకాస్త వెనక్కి వాల్చారు. ఒడ్డుకి నాలుగడుగుల దూరంలో చేప, రాడ్ చివర గొడుగు పిడిలా వెనక్కి ముడుచుకుంది. టపాకాయ పేలినట్టు శబ్దం. చివర నుంచి మూరెడు కింద తెగిపోయింది, ఆ వెంటనే దారం కూడా.

కార్బన్ రాడ్ విరిగే పద్ధతుల్లో అన్నిటికన్నా ముందు వచ్చేది ఇదే. రాడ్‌కీ దారానికీ మధ్య కోణం 90 డిగ్రీలు దాటనంతవరకు బరువు కింది లావు భాగం మోస్తుంది. దాటిందంటే బరువంతా పెన్సిల్ కన్నా సన్నగా ఉండే చివరి మూరెడు మీదికి ఎక్కుతుంది. ఫాస్ట్ రాడ్‌లో కింది భాగం అసలు వంగదు కాబట్టి అది ఇంకా తొందరగా జరుగుతుంది. పట్టుకున్నవాడి తప్పు అని చేతులు దులుపుకోవచ్చు. కానీ చెయ్యి పైకి లేవని మనిషి నొప్పికి వెనక్కే వాలుస్తాడని నేను ముందే ఊహించాల్సింది. డబ్బులు సగం తిరిగిచ్చాను, ఆయన తీసుకోనన్నారు, పిన్ని గారికి ఇచ్చి వచ్చాను.

ఈసారి రాడ్ కొనకముందు కొలిచాను. దీనికి పెద్ద సామాను అక్కర్లేదు. గ్యాస్ బండ బరువు చూసే వేలాడే డిజిటల్ త్రాసు ఒకటి, టేపు ఒకటి. త్రాసుని షాపు షట్టర్ కింది కొక్కేనికి తగిలించాను. నా దగ్గర అలాంటిదే ఇంకో కార్బన్ రాడ్ ఉంటే దానికి రీల్ పెట్టి, దారం రింగుల్లోంచి పోనిచ్చి త్రాసుకి కట్టి, బాబాయ్‌ని చేప ఉన్నట్టే నిలబడి లాగమన్నాను. పిడి అడుగు పొట్టకి ఆనించి, ఎత్తే చెయ్యి రీల్ పైన. త్రాసు 3 కిలోలు చూపించే దాకా లాగి ఆగమన్నాను. ఇరవై దాకా లెక్కపెట్టేసరికి చెయ్యి వణికిపోయింది.

అప్పుడు టేపు తీశాను. పొట్ట దగ్గర పిడి అడుగు నుంచి, సాగి ఉన్న దారం గీతకి అడ్డంగా ఎంత దూరం? 2.2 మీటర్లు. పిడి అడుగు నుంచి ఎత్తే చేతికి? అర మీటరు. చిన్నప్పుడు చదివిన తులాదండం లెక్కే ఇది, 3 కిలోలని 2.2తో గుణించి 0.5తో భాగిస్తే 13 కిలోల పైమాట. అంటే చేప 3 కిలోల బలంతో లాగితే బాబాయ్ చెయ్యి 13 కిలోలు మోస్తోంది, అదీ కదలకుండా, నిమిషాల తరబడి. పొడవు రాడ్ మనకి బలం ఇస్తుంది అనుకుంటాం. విసరడానికి ఇస్తుంది. చేప తగిలాక ఆ పొడవు చేప చేతిలోకి పోతుంది.

తర్వాత అల్మారా మీద పడి ఉన్న పాత ఫైబర్ గ్లాస్ రాడ్ ఒకటి దులిపాను. 8 అడుగులది, బరువు ఎక్కువ, ఊపితే చేపలా జారుతూ ఊగుతుంది, ఎవరూ కొనరు. అదే 3 కిలోలకి అది చివర నుంచి పిడి దాకా విల్లులా వంగింది. వంగినప్పుడు ఏం జరుగుతుందంటే రాడ్ పొట్టిదైపోతుంది, దారం గీత మన వైపుకి జరుగుతుంది. టేపు పెడితే 1.4 మీటర్లు. రీల్ పైనుండే ముందు పిడి కాస్త పొడుగ్గా ఉండటంతో చెయ్యి 70 సెంటీమీటర్ల దగ్గర పెట్టగలిగారు. లెక్క వేస్తే 6 కిలోలు. సగానికన్నా తక్కువ! బాబాయ్ లెక్క వినలేదు, ఒకటిన్నర నిమిషం అలా పట్టుకుని నిలబడి, "ఇదేదో నాతో మాట్లాడుతోంది రా" అన్నారు. అప్పుడు అర్థమైంది నాకు, మేం ఇన్నాళ్లూ రాడ్ ఎంత గట్టిగా ఉందో చూశాం తప్ప ఎక్కడ వంగుతుందో చూడలేదు.

పూర్తి గ్లాస్ రాడ్ బరువుగా ఉంటుంది, తడిసిన చేత్తో పదే పదే విసరాలంటే అదీ భుజానికి మంచిది కాదు. అందుకని గ్లాస్, కార్బన్ కలిపిన బ్లాంక్ తెప్పించాను, అంటే రింగులూ పిడీ లేని ఉత్త కడ్డీ. 8 అడుగులు, రెండు ముక్కలు, మీడియం హెవీ పవర్, మోడరేట్ యాక్షన్ (మధ్య దాకా వంగేది), మీద 15–30 పౌండ్లు అని రాసి ఉంది. ఈ అంకెని చాలామంది చేప బరువు అనుకుంటారు. అది ఆ రాడ్‌కి సరిపోయే దారం తెగే బలం, 30 పౌండ్లంటే 13.6 కిలోలు. నిజానికి స్పెయిన్‌లో ఎబ్రో నది మీద వంద కిలోల వెల్స్ క్యాట్‌ఫిష్ పట్టేవాళ్ల వీడియోలు చూసి, మనవాళ్లు అలాంటి చీపురుకట్టంత రాడ్లు అడుగుతుంటారు. మనం పట్టేది ఐదు నుంచి పది కిలోలు, అదృష్టం బాగుంటే ఆ పైన. ఆ రాడ్‌కి మన వాలుగ బరువు తెలియను కూడా తెలియదు, వంగదు, వంగని రాడ్ కథ పైన చెప్పాను కదా.

కట్టేటప్పుడు మూడు మార్పులు చేశాను. ముందు పిడిని మామూలు కన్నా జానెడు పొడిగించి, మోటార్ పనికి వాడే హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగాను, జారదు, వాసన పట్టదు. రింగులు ఎనిమిది పెట్టాను, పూర్తిగా వంగే రాడ్‌కి రింగులు తక్కువైతే దారం రాడ్‌ని రాసుకుంటుంది. కట్టేముందు రాడ్‌ని వంచి, దారం ఎక్కడ బ్లాంక్‌కి తగులుతోందో చూసి రింగులు అటూ ఇటూ జరిపాను, ఒక సాయంత్రం అంతా దానికే పోయింది. అన్ని రింగులకీ లోపల పింగాణీ వలయం ఉన్నవే పెట్టాను, ఉత్త స్టీల్ రింగు అయితే బ్రెయిడ్ దారం, అంటే సన్నని పోగులు జడలా అల్లిన దారం, దాన్ని రంపంలా కోసేస్తుంది. మొత్తం రూ.3,900 పడింది, నా కూలి వేసుకోలేదు.

దారం దగ్గర చిన్న గొడవ పడ్డాం. రాడ్ మీద 30 అని ఉంటే నేను 50 పౌండ్ల బ్రెయిడ్ ఎక్కించాను. రాడ్ విరుగుతుంది కదా అన్నారు. దారం బలం రాళ్ల కోసం, మానుల కోసం. రాడ్‌కీ భుజానికీ డ్రాగ్ ఉంది. ఇదివరకు డ్రాగ్ బిగించేసిన మనిషికి ఇది ఎక్కడం లేదని మళ్లీ త్రాసు తీశాను. రాడ్ వంచి పట్టుకోమని, త్రాసు 3 కిలోలు చూపగానే దారం జారేలా మర తిప్పి, ఆ చోట నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టాను. ఆ చుక్క దాటి తిప్పకూడదు, అంతే ఒప్పందం. చివర రెండడుగులు 60 పౌండ్ల లావు తంగూసు కట్టాం, వాలుగ పళ్లకి బ్రెయిడ్ నిలవదు. ఎర మునగడానికి కట్టే సీసానికి మాత్రం సన్నని పనికిరాని తంగూసు వేశాం, రాళ్లలో ఇరుక్కుంటే సీసం ఒక్కటే తెగి మిగతాది చేతికొస్తుంది.

గేలం కూడా మార్చాం, కొన లోపలికి తిరిగి ఉండే సర్కిల్ హుక్. దీనికి గుంజు అక్కర్లేదు, గుంజితే నోట్లోంచి జారిపోతుంది. చేప ఎర నోట్లో పెట్టుకుని ఈదుకుంటూ పోతుంటే, రాడ్ మెల్లగా వంగుతూ బరువు ఎక్కిస్తుంటే, గేలం తనే తిరిగి పెదవి మూలలో దిగుతుంది. కర్రలాంటి రాడ్‌తో ఇది కుదరదు, మెల్లగా బరువు ఎక్కడం అనేదే ఉండదు. యాభై ఏళ్లు బెండు మునగ్గానే గుంజిన చేతిని ఆపడం ఎంత కష్టమో ఆ మొదటి రెండు రాత్రులు చూశాను. గంట మోగగానే ఆయన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడేవారు, పంతులు గారి ముందు నిలబడ్డ పిల్లాడిలా.

2023 ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా ఏడు రాత్రులు వెళ్లారు, నేను నాలుగింటికి ఉన్నాను. గంట తొమ్మిది సార్లు మోగింది. రెండు సార్లు చేప గేలం దాకా రాలేదు. ఏడు తగిలాయి. అందులో రెండు మానుల్లోకి దూరి తెంపుకుపోయాయి. ఒడ్డుకి వచ్చినవి ఐదు, నాలుగు జెల్లలు రెండు మూడు కిలోల మధ్య, ఒక వాలుగ 7.4 కిలోలు.

ఆ వాలుగ తగిలినప్పుడు నేను పక్కనే ఉన్నాను. మొదటి తోపుకి డ్రాగ్ కిర్రుమని పదిహేను మీటర్ల దాకా దారం పోయింది, బాబాయ్ వేలు మర మీదికి పోతుంటే చుక్క గుర్తొచ్చి ఆగిపోయారు. రాడ్ పిడి దాకా వంగి అక్కడే ఉండిపోయింది. చేప ఆగినప్పుడల్లా రాడ్ తనే కొంచెం లేచేది, ఆయన ఆ కొంచెం రీల్ చుట్టుకునేవారు. రాడ్ ఎత్తే పని ఆయన చేయలేదు, నడుము తిప్పారంతే. ఒడ్డు దగ్గరికి వచ్చాక రాడ్ పక్కకి వాల్చి రెండడుగులు వెనక్కి నడిచారు, నేను చేపని చేతి వలలోకి ఎత్తాను. రాడ్‌తో చేపని నీళ్లలోంచి పైకి లేపకూడదని వంద సార్లు చెప్పి ఉంటాను, ఈసారి చెప్పనక్కర్లేకపోయింది. మొత్తం పదకొండు నిమిషాలు. మర్నాడు భుజం సంగతి అడిగితే, నడుం పట్టేసింది గానీ భుజం బానే ఉంది అన్నారు.

దాన్ని వదిలేశాం. ఆయన ఇష్టంగా వదల్లేదు, ఆ మాట కూడా రాయాలి. పెద్ద వాలుగలు తగ్గిపోయాయని పడవల మీద ఉండే జాలర్లే చెబుతున్నారు, ప్రపంచ స్థాయిలో ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ కూడా దీన్ని ముప్పులో ఉన్న చేపల జాబితాలో పెట్టింది. వానాకాలం అవి గుడ్లు పెట్టే రోజుల్లో మేమిద్దరం ఎలాగూ గేలం వేయం. జెల్లలు మాత్రం పులుసైపోయాయి, ఒక గిన్నె మా ఇంటికీ వచ్చింది.

ఈ రాడ్‌తో సమస్యలు లేవని కాదు. 10 అడుగుల దాంతో 80 గ్రాముల సీసం పడే చోటుకి ఇది పది పన్నెండు మీటర్లు ఇవతలే పడుతుంది. ఒడ్డు రాళ్ల మీదుగా దారాన్ని ఎత్తి పట్టడానికి ఆ రెండడుగులు తక్కువయ్యాయి, తెంపుకుపోయిన రెండింటిలో ఒకటి అందువల్లే పోయిందని నా అనుమానం. 9 అడుగులది తీసుకుని ఉంటే? భుజం బాగున్న మనిషికి అదే ఇచ్చేవాడిని. ఏప్రిల్‌లో కింది నుంచి రెండో రింగు పింగాణీ చిట్లింది, స్టాండ్ ఇనుముకి కొట్టుకుని. రింగు మార్చాను, స్టాండ్‌కి సైకిల్ ట్యూబ్ చుట్టించాను.

మే నెలలో బాబాయ్ స్నేహితుడొకాయన వచ్చి, ఆయనకి కట్టిన రాడ్ లాంటిదే కావాలన్నారు, డబ్బు చేతిలో పట్టుకుని మరీ. ఎక్కడ నుంచి పడతారండీ అని అడిగాను.

"మా బామ్మర్ది పడవ ఉందండి, అందులోంచి."

పడవలోంచి అయితే విసిరే పనే లేదు, చేప తిన్నగా పడవ కిందికి దూరుతుంది, 8 అడుగుల రాడ్ దాని మీదికి మడత పడి అంచుకి కొట్టుకుంటుంది. ఆరున్నర అడుగులు చాలు, పిడి దగ్గర ఇంకాస్త మందంగా ఉండాలి. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు, బాబాయ్‌కి మంచిది ఇచ్చి తనకి పొట్టిది అంటగడుతున్నాననుకున్నారు. కుర్చీ వేసి, షట్టర్ సగం దించి, త్రాసు తగిలించాను.